వలస శ్రమ – సంక్షేమ హక్కు: అమెరికా సామాజిక భద్రతా విధానం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ప్రపంచీకరణ అనంతర కాలంలో వలసను గురించిన చర్చలో రెండు అభిప్రాయాలు తరచుగా వినవస్తాయి. వలస వచ్చినవారు కష్టజీవులన్న మెప్పు మొదటిది. వారు స్థానిక సంక్షేమ నిధులకు భారమన్న ఆరోపణ రెండవది. ఈ రెండు అభిప్రాయాలూ వలసదారుని స్వభావాన్నే ప్రమాణంగా తీసుకుంటాయి. అయితే ఎవరు చెల్లించాలి, ఎవరు పొందాలి అన్నది చట్టం నిర్ణయిస్తుంది. తెలుగువారు పెద్దసంఖ్యలో పనిచేస్తున్న అమెరికాను ఆధారంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

సహాయ పథకాలు – అర్హత:

1996 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం ప్రకారం, ఆ తరువాత శాశ్వత నివాసార్హత పొందినవారిలో అధికులు, ఆదాయ పరిమితిని బట్టి ఇచ్చే ప్రధాన సమాఖ్య సహాయ పథకాలకు మొదటి 5 సంవత్సరాలు అర్హులు కారు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి సాధారణంగా ఆ అర్హతే లేదు.

చెల్లింపు – ప్రతిఫలం:

1935 చట్టంతో ఏర్పడిన సామాజిక భద్రతా పథకం ఇందుకు భిన్నమైనది. ఇది ఉద్యోగుల చెల్లింపులపై నడిచే బీమా. నిర్ణీత పరిమితికి లోబడి హెచ్-1బి ఉద్యోగి తన వేతనంలో 6.2 శాతం చెల్లిస్తాడు. యజమాని అంతే మొత్తం జతచేస్తాడు. వృద్ధాప్య పింఛనుకు 40 క్రెడిట్లు అవసరం. సంవత్సరానికి లభించేవి గరిష్ఠంగా 4 మాత్రమే కనుక, దాదాపు 10 సంవత్సరాల ఉద్యోగం తప్పనిసరి. హెచ్-1బి సాధారణ గడువు 6 సంవత్సరాలు. గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా పొడిగింపు పొందనివారు ఆ గడువు ముగియగానే స్వదేశానికి మరలవలసి ఉంటుంది. అటువంటివారికి ఆ ఉద్యోగకాలంపై పింఛను లభించదు. చెల్లించిన సొమ్మూ తిరిగి రాదు.

ద్వైపాక్షిక ఒప్పందాలు:

రెండు దేశాలలోని ఉద్యోగకాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందాలు ఈ నష్టాన్ని నివారిస్తాయి. భారతదేశం బెల్జియంతో చేసుకున్న ఒప్పందం 2009లో అమలులోకి వచ్చింది. అమెరికాతో మాత్రం అటువంటి ఒప్పందం కుదరలేదు. అవతలి దేశపు పింఛను వ్యవస్థ ప్రజలకు విస్తృతంగా వర్తించాలని అమెరికా చట్టం కోరుతుంది. భారతదేశంలో ఉద్యోగుల భవిష్యనిధి ప్రధానంగా సంఘటిత రంగానికే పరిమితం కావడం ఇందుకు అడ్డంకిగా నిలిచింది.

ముగింపు:

పై పరిశీలన వలన, తాత్కాలిక వీసాపై వెళ్ళిన ఉద్యోగి సామాజిక భద్రతా నిధి నుండి పొందేదానికంటే దానికి ఇచ్చేదే ఎక్కువగా ఉండే అవకాశం ఉందని తెలుస్తున్నది. స్వదేశంలో అసంఘటిత కార్మికునికి పింఛను లేకపోవడం, విదేశంలోని ఉద్యోగి హక్కును కూడా దెబ్బతీస్తున్నది. కనుక ఈ రెండు సమస్యలనూ కలిపి అధ్యయనం చేయవలసి ఉంది.