ఒకే పొయ్యి, ఒకే సంఘం

1907 ఆగస్టులో ఇంగ్లాండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ సుమారు 20 మంది బాలురతో ఒక వేసవి శిబిరం నడిపాడు. స్కౌటు ఉద్యమానికి అదే నాంది. ఆ బాలుర్లో కొందరు సంపన్నుల బడుల్లో చదివేవారు, మిగతావారు బాయ్స్ బ్రిగేడ్‌కు చెందిన సామాన్యుల పిల్లలు. ఆ బ్రిగేడ్‌ను 1883లో గ్లాస్గోలో స్థాపించిన విలియం స్మిత్ ఒక సండేస్కూల్ ఉపాధ్యాయుడు.

ఆనాటి ఇంగ్లాండ్‌లో ఈ రెండు వర్గాల పిల్లలు కలిసి భోంచేయడమే అరుదు. పావెల్ వారిని కలగలిపి నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక బాలుణ్ణే నాయకుడిగా ఉంచాడు. ముడులు వేయడం, నిప్పు రాజేసి వండుకోవడం, అడుగుజాడలు పట్టడం, ఆపదలో ఉన్నవారిని కాపాడటం వారు కలిసే నేర్చుకున్నారు.

సంఘాన్ని పౌలు అనేక అవయవాలున్న శరీరంతో పోల్చాడు. ఆ వాక్యం మనం ఎన్నిసార్లు వినలేదు! అయినా మన మందిరాల్లో ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఒక మూల, తెలుగు మీడియం పిల్లలు మరో మూల కూర్చుంటున్నారు. పెద్దలమైన మనల్ని చూసే వారది నేర్చుకున్నారు.

ఈసారి వీబీఎస్‌లో పాటలు, కంఠత వాక్యాలతోపాటు వారందరినీ కలిపి ఒక పూట వంట అప్పగిద్దాం. పక్కవాడు ఊదకపోతే తమ పొయ్యి రాజుకోదని తెలిసిన రోజున పౌలు మాట వారికి అర్థమవుతుంది. వారిని చూసి మనకూ అర్థం కావాలి.