బొంత చదరముల యిచ్చిపుచ్చుకోలు

కలిదిండి ప్రాంతమున బొంత లేని యిల్లు లేదు. బిడ్డ పుట్టుటకు ముందే అమ్మమ్మ పాత నూలుచీరలను పొరలుగా పరచి, అంచులు మడిచి, దూరపు కుట్టుతో బొంత సిద్ధపరచును. మార్గశిర పుష్యమాసములలో కొల్లేటి మీదుగా మంచు దిగివచ్చు రాత్రులందు చేపల చెరువుల గట్లపై కావలి పండుకొనువారికిని ఆ బొంతయే రగ్గు. ఇంత యుపకారియైన వస్తువునకు మన భాషలో గౌరవము మాత్రము తక్కువ. పొందికలేని వ్యాసమును చూచి ఉపాధ్యాయులు "అతుకుల బొంత" యందురు. మా యభిప్రాయమున ఆ మాట బొంతకు అన్యాయము. అతుకులన్నియు చక్కగా కలిసిన బొంతను కుట్టుట పొందికైన వ్యాసము వ్రాయుటకంటె సులభము కాదు. అందులోను ఆ యతుకులు పదిమంది చేతులలో తయారై వచ్చినవైనచో చెప్పనేల?

ఈ వ్యాసమున మేము వివరింపదలచినది అట్టి బొంతను గూర్చియే. దాని పద్ధతి యిది. కుట్టుపనియందు ఆసక్తిగలవారు పన్నెండుగురు చేరుదురు. ఒక్కొక్కరును ఒకే కొలతగల అతుకు పలకలను పన్నెండేసి కుట్టుదురు. వీనిని మేము చదరములని పిలుచుకొనుచున్నాము. ఒకరు కుట్టిన పన్నెండును ఒకే తీరున నుండవచ్చును. నిర్ణయించుకొనిన దినమున తలకొకటి చొప్పున పదునొకండు ఇతరులకిచ్చి, ఒకటి తమకుంచుకొందురు. అప్పుడు ప్రతి యింటను పన్నెండు చేతుల పని, పన్నెండు విధముల చదరములు చేరును. ఊరిలోనివారు చేతికిచ్చుకొందురు, దూరముననున్నవారు తపాలా మూలమున పంపుకొందురు. డబ్బు చేతులు మారదు. ఇచ్చిపుచ్చుకొనుట మన స్త్రీలకు క్రొత్త కాదు గదా. పొరుగింటినుండి పులుసు వచ్చిన గిన్నెను వట్టిదిగా త్రిప్పి పంపువారు మన పల్లెలలో నెవరు?

అతుకుల బొంతలు మన దేశమున అనేక ప్రాంతములందు కలవు. వంగదేశమున దీనిని కాంథా యందురు. కన్నడదేశమున కౌది యందురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టు రంగురంగుల బొంతలు ప్రసిద్ధములు. అయితే చదరముగా కుట్టి ఒకరికొకరు ఇచ్చుకొను పద్ధతి అమెరికాలో బాగుగా వ్యాపించినది. 1840 తరువాతి సంవత్సరములలో ఆ దేశపు తూర్పు రాష్ట్రములనుండి అనేక కుటుంబములు పడమటికి వలసపోవుచుండెను. పోవువారిని మరల చూతుమను ఆశ యుండెడిది కాదు. అందుచేత స్నేహితురాండ్రు తలకొక చదరము కుట్టి, దాని నడుమ సిరాతో తమ పేరు వ్రాసి, అన్నిటిని చేర్చి ప్రయాణమగువారి కిచ్చెడివారు. వీనికి స్నేహపు బొంతలని పేరు. 1987 లో ఆ దేశముననే ఎయిడ్సు వ్యాధిచే మృతినొందినవారి జ్ఞాపకార్థము ఒక మహాబొంత ప్రారంభమైనది. దానికి ముక్క కుట్టు ప్రతివారికిని నిబంధన యొక్కటే: పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు. రంగు, గుడ్డ, బొమ్మ వారి యిష్టము. కొలత మాత్రము యిష్టము కాదు. ఒకరినొకరు ఎరుగని వేలకొలది జనులు కుట్టిన ముక్కలు ఆ కొలతచేతనే ఒకటిగా చేరినవి.

కొలతను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మేము పెట్టుకొన్న చదరము, బొంతలో చేరిన పిదప, సరిగా పన్నెండంగుళములు, అనగా ఒక అడుగు. చేర్చుటకు నాలుగు ప్రక్కలను పావంగుళము చొప్పున గుడ్డ విడువవలెను గావున, చేతికిచ్చునప్పుడు పన్నెండున్నర అంగుళములుండవలెను. క్రొత్తవారికి తగినది తొమ్మిది ముక్కల చదరము. అయిదు ముదురు ముక్కలు, నాలుగు లేత ముక్కలు, చదరంగపు బల్లవలె వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు. ఒక్కొక్క ముక్క నాలుగున్నర అంగుళములు. మూడు ముక్కలు కలిపిన పదమూడున్నర. వాని నడుమ రెండు కుట్లలో అరంగుళము చొప్పున ఒక అంగుళము లోనికి పోవును. మిగులునది పన్నెండున్నర. ఇంతవరకు చిన్నపిల్లలకైనను తెలియును.

ఇప్పుడు కుట్టు ఒక్క వీసము, అనగా అంగుళములో పదియారవ పాలు, లోనికి జరిగినదనుకొందము. అది కంటి కానదు. కాని ప్రతి కుట్టునను రెండు ముక్కలనుండియు వీసము చొప్పున రెండు వీసములు పోవును. రెండు కుట్లకు నాలుగు వీసములు. చదరము పావంగుళము కురుచయగును. మన యింటి బొంతకే యైనచో, అన్నియు మనవే గావున, అన్నియు ఒకే తీరున కురుచలై సరిపోవును, ఎవరికిని తెలియదు. మార్పిడిలో నట్లు కాదు. మన కురుచ చదరము మరియొకరి సరియైన చదరము ప్రక్కకు పోవును. అది పుచ్చుకొన్న యిల్లాలు దానిని లాగి కుట్టవలెను, లేదా కుట్టు విప్పి సరిచేయవలెను, లేదా సరిగానున్న పదునొకండింటిని దాని ప్రకారము కత్తిరించుకొనవలెను. మన యజాగ్రత్తకు ఆమె రాత్రి దీపము క్రింద కూర్చుండవలసివచ్చును. కావున మొదట ఒక్క చదరమును పూర్తిగా కుట్టి, ఇస్త్రీ చేసి, కొలిచి చూచిన తరువాతనే తక్కిన పదునొకండింటికి గుడ్డ కత్తిరింపవలెను. పన్నెండింటికిని ఒకేసారి కత్తెర పెట్టువారిని మేము చాలమందిని చూచితిమి. వారిలో మేమును ఒకరము.

గుడ్డ యెంత కావలెనని పిల్లలు అడుగుచుందురు. పన్నెండు చదరములకు ముదురు ముక్కలు అరువది, లేత ముక్కలు నలువదియెనిమిది. గజము పన్నాగల గుడ్డలో నాలుగున్నర అంగుళముల ముక్కలు వరుసకు ఎనిమిది వచ్చునని లెక్క చెప్పును. కాని అంచు తీసివేయవలెను, గుడ్డ ఉతికిన కుదియును. కాగితము మీద ఎనిమిది; కత్తెర క్రింద ఏడు. ముదురుగుడ్డ గజమున్నర, లేతగుడ్డ గజము తెచ్చుకొన్న నిశ్చింత. ఇది కొనువారి మాట. దర్జీ దుకాణములలో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకొనువారికి ఖర్చే లేదు. అయితే ఈ దినములలో ఆ ముక్కలలో పాలియెస్టరు విశేషముగా కలియుచున్నది. అది నూలుగుడ్డవలె కుదియదు, ఇస్త్రీ వేడికి ముడుచుకొనును. గుర్తుపట్టలేనిచో ఒక పోగు లాగి కాల్చిచూడవలెను. నూలు కాగితము కాలినట్లు కాలి బూడిద యగును. పాలియెస్టరు కరిగి గట్టి పూసయగును. ఈ పరీక్ష పెద్దవారి యెదుట చేయవలెను.

గుడ్డ నేతకు ఐమూలగా కత్తిరించిన ముక్క సాగును. పడుగునకో పేకకో సరిగా నిలుపుకొని కత్తిరించిన ముక్క సాగదు. చేతికుట్టయినచో అంగుళమునకు ఎనిమిది పది కుట్లు, మొదటను చివరను వెనుకకు కుట్టి ముడి. మిషను కుట్టయినను దోషము లేదు. చేతికుట్టే పవిత్రమని వాదించువారితో మేము ఏకీభవింపము. వెనుకవైపు కుట్టుగుడ్డను ముదురుముక్క వైపునకు మడిచి ఇస్త్రీ చేసినచో లేతముక్కలో నీడ కనబడదు.

ఇక రంగు సంగతి. దీనిని మేము ఇతరులకు నేర్పుటకు తగినంత నష్టపడి నేర్చుకొంటిమి. మా మొదటి విడతలో మేము ఎఱ్ఱనూలుగుడ్డతో చదరములు కుట్టితిమి. గడువు దగ్గరపడినది. గుడ్డను ముందుగా ఉతుకలేదు. చదరములు చూచినవారందరు మెచ్చుకొనిరి. పన్నెండు చదరములతో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు బొంత యగును; అది పసిబిడ్డకు సరిపోవును. మాలో నొకామె తన కూతురి పురిటికి దానిని పూర్తిచేసినది. నెల తిరిగిన తరువాత ఆ వీధిని పోవుచు, వారి దండెము మీద ఆ బొంతను చూచితిమి. మా యెఱుపు దిగి, చుట్టునున్న మూడు తెల్ల చదరములలోనికి ప్రాకియుండెను.

ఆ తల్లి మమ్ము ఒక్క మాటయు ననలేదు. "పోనిండమ్మా, పసివానికి రంగు తెలియునా?" అన్నది. మేము ఆ మూడింటిని మరల కుట్టించి యిచ్చెదమంటిమి. అప్పుడు తెలిసినది, వానిలో నొకటి కుట్టినామె గతించిన తన తల్లి చీరచెఱగు తెచ్చి పన్నెండు చదరములకు పంచి కుట్టినదని. ఆ చీర యిక లేదు. ఆ సంగతి ఆమె మాలో నెవరికిని చెప్పియుండలేదు. మరక విని, తాను ఉంచుకొన్న చదరమును తెచ్చి ఆ తల్లి చేతిలో పెట్టినది. ఆ తల్లి తీసికొనలేదు. మరక అట్లే యున్నది.

అది మొదలు మాలో నొక కట్టుబాటు ఏర్పడినది. గుడ్డను వేడినీటిలో ఒక తెల్లపీలికతో కూడ రాత్రియంతయు నానవేయవలెను. తెల్లవారి పీలిక తెల్లగానున్నచో ఆ గుడ్డ పనికివచ్చును. లేనిచో నీరు తేటయగువరకు మరల మరల ఉతుకవలెను. ఉప్పువేసిన రంగు నిలుచునని మన యిండ్లలో నొక నమ్మకమున్నది. రంగువేయునప్పుడు కొన్ని రంగులకు ఉప్పు తోడ్పడును గాని, అద్దకము ముగిసి బజారునకు వచ్చిన గుడ్డలో అంటక మిగిలిన రంగును ఉప్పు పట్టియుంచజాలదు. దానిని వదలగొట్టుటయే మార్గము. పెడన కలంకారి గుడ్డ ముచ్చటైనదే. దానికిని ఈ పరీక్ష తప్పదు. పాతచీర ముక్కలకు ఈ బెడద లేదు. అవి పోవలసిన రంగు పోగొట్టుకొని, కుదియవలసినంత కుదిసియే మన చేతికి వచ్చును. అమ్మమ్మలు పాతచీరలతోనే బొంతలు కుట్టుట పొదుపు కొరకు మాత్రమే కాదేమో.

పలువురు వేరువేరుగా చేసిన ముక్కలను ఒకటిగా అతుకుట యెట్టి నేర్పో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. ఉప్పుటేరు దాటి భీమవరము మీదుగా నరసాపురము చేరిన చాలును. స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతమున అచ్చటి స్త్రీలకు లేసుపని నేర్పిరని చెప్పుదురు. చిన్న కొక్కెపు సూదితోను నూలుదారముతోను ఒక్కొక్క యింట పువ్వులు అల్లుదురు. ఇది చేతిపని. వేరువేరు ఇండ్లనుండి వచ్చిన పువ్వులను చేర్చి బల్లగుడ్డలుగాను దుప్పట్లుగాను చేయువారిది అతుకుపని. ఒక పువ్వు బిగువుగా, ఒకటి వదులుగా నుండును. అతుకుపని స్త్రీ తన దారమును అచ్చటచ్చట సడలించియు బిగించియు వానిని సమముగా పరచును. 2024 లో నరసాపురపు లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

అయితే ఆ పని మా మార్పిడివంటిది కాదని చెప్పక తప్పదు. మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982 లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటి యాడువారు తీరికవేళ చేయు కాలక్షేపమని వారి శ్రమను లెక్కించుటచేత కూలి మిక్కిలి అల్పముగా నుండెనని ఆమె అందు చూపినది. అల్లిన పువ్వు ఏ బల్లమీదికి పోవునో అల్లినామెకు తెలియదు. మేము వేడుకకు కుట్టుకొనుచున్నాము. మా చదరము ఏ యింట, ఏ బిడ్డపై పరచియున్నదో మాకు తెలియును. చేతిపనిని చూచి "తీరికవేళ పని" యని తేలికగా పలుకునప్పుడు, ఆ పనిచేతనే పొట్టపోసికొనువారు మనకు కొద్దిదూరముననే యున్నారని మా విద్యార్థినులు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

అన్ని చదరములును చేరిన పిదప పని సులభము. నేలమీద పరచి, రెండు ముదురులు ప్రక్కప్రక్కన పడకుండ సర్దుకొని, ముందు వరుసలను, తరువాత వరుసలను ఒకదానికొకటి కుట్టవలెను. అడుగున ఒక చీర, నడుమ రెండు మూడు పాత నూలుచీరలు, పైన ఈ చదరముల గుడ్డ. నడుమనుండి అంచులకు దూరపు కుట్టు సాగవలెను. అంచులనుండి మొదలుపెట్టిన నడుమ గుడ్డ ఉబ్బును. ప్రతి చదరము వెనుకను కుట్టినవారి పేరు, సంవత్సరము దారముతో కుట్టుట మా వాడుక. ఒకరి చీర అందులో నున్నచో ఆ సంగతియు ఒక చీటిపై వ్రాసి చదరముతో కూడ ఇచ్చుచున్నాము. ఆ యెఱ్ఱ చదరముల తరువాత వచ్చిన నియమమిది. పెద్దవారు కప్పుకొను బొంతకు వరుసకు అయిదు చొప్పున ఏడు వరుసలు, ముప్పదియైదు చదరములు కావలెను. అనగా మూడు విడతల మార్పిడి. మూడు విడతలకు ముప్పదియారు వచ్చును. మిగిలిన యొక్కదానికి వెనుక గోనెగుడ్డ వేసి, పిడి కుట్టి, పుస్తకముల సంచి చేసికొనవచ్చును.