తుంటి కీలు – కరాటే తన్నులు

పిల్లలూ! మన మారిషస్ దీవిలో కరాటే, జూడో, టైక్వాండో వంటి విద్యలు నేర్చే పిల్లలున్నారు. మీలో కూడా కొందరు బడి అయిన తరువాత ఆ తరగతులకు వెళ్తూ ఉండవచ్చు. ఇవి మంచి విద్యలు. శరీరానికి బలాన్ని, మనస్సుకు నిగ్రహాన్ని ఇస్తాయి. అయితే వీటిని నేర్చేవారికి అప్పుడప్పుడు తుంటిలోను, మోకాలిలోను నొప్పి వస్తుంది. ఆ నొప్పి ఎందుకు వస్తుంది? ఏ నొప్పి దానంతట అదే తగ్గుతుంది? ఏ నొప్పిని వెంటనే పెద్దలకు చెప్పాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

రెండు ఎముకలు కలిసే చోటును కీలు అంటారు. మోకాలు మడతబందు కీలు. అది తలుపు వలె ఒకే తీరున ముడుచుకుంటుంది, తెరుచుకుంటుంది. తుంటి కీలు అలాంటిది కాదు. అది బంతిగిన్నె కీలు. తొడ ఎముక పైచివర బంతి వలె గుండ్రంగా ఉంటుంది. కటి ఎముకలో గిన్నె వంటి గుంట ఉంటుంది. ఆ గుంటలో ఈ బంతి అమరి తిరుగుతుంది. మన పెద్దల ఇళ్ళలో పిండి రుబ్బే రుబ్బురోలు ఉండేది. దాని గుంటలో పొత్రం తిరిగినట్లే తుంటి కీలు తిరుగుతుంది. అందువల్లనే మనం కాలిని ముందుకు, వెనుకకు, పక్కకు కదల్చగలుగుతున్నాం.

ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. కీలు లోపల జిగురు వంటి ద్రవం ఉంటుంది. బండి చక్రానికి నూనె ఎలాగో కీలుకు ఆ ద్రవం అలాగే. గిన్నె అంచు చుట్టూ ఒక మెత్తని వలయం ఉండి, బంతి జారకుండా కాపాడుతుంది.

తుంటి ఎక్కడ ఉందని అడిగితే చాలామంది నడుము పక్కన చెయ్యి పెడతారు. నిజానికి కీలు ఇంకా లోపల, గజ్జ వెనుక ఉంటుంది. కాబట్టి తుంటి కీలులో బాధ కలిగితే నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది.

ఇక తన్నుల సంగతి చూద్దాం. కరాటేలో ‘మవాషి గెరి’ అనే తన్ను ఉంది. మోకాలిని పక్కగా పైకెత్తి, కాలిని గుండ్రంగా తిప్పి తన్నుతారు. అప్పుడు నేలపై ఉన్న కాలు కూడా తిరగాలి. దాని మడమ తన్నే దిక్కుకు రావాలి. పాదం నేలకు అతుక్కుపోయి, పై శరీరం మాత్రం తిరిగితే, ఆ మెలిక అంతా మోకాలి మీద, తుంటి మీద పడుతుంది. ఒకసారి అయితే ఏమీ కాకపోవచ్చు. రోజుకు వందసార్లు అయితే కీలు నొస్తుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మన సామెత. చిన్నతనంలోనే శరీరాన్ని వంచాలని కొందరు ఈ మాట చెబుతారు. నిజమే. కాని మొక్కను కూడా మెల్లగా వంచాలి. ఒక్కసారిగా లాగితే విరుగుతుంది. కొన్ని తరగతులలో పిల్లలను కాళ్ళు రెండు పక్కలకు చాపి కూర్చోమంటారు. పూర్తిగా నేలకు ఆనకపోతే పెద్ద విద్యార్థి ఎవరైనా భుజాలు పట్టి నొక్కుతాడు. ఇది తప్పు. అందరి తుంటి గిన్నెలు ఒక్క తీరుగా ఉండవు. కొందరికి గిన్నె లోతుగా ఉంటుంది, కొందరికి అది తిరిగి ఉన్న దిక్కు వేరు. ఒక హద్దు దాటాక వారికి అడ్డుపడేది కండరం కాదు, ఎముకకు ఎముకే. ఎంత నొక్కినా ఎముక సాగదు. మెత్తని వలయమే నలుగుతుంది.

పెరిగే పిల్లల ఎముకలలో మరొక విశేషం ఉంది. ఎముకల చివరల దగ్గర మృదులాస్థితో ఏర్పడిన పెరుగుదల పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. గట్టి ఎముక కంటె ఆ చోటు బలహీనం. ఒళ్ళు వేడెక్కక ముందే బలంగా తన్నితే, కండరం లాగిన లాగుకు కటి ఎముక నుండి చిన్న ముక్క ఊడి రావచ్చు. అప్పుడు ‘టప్’ మని చప్పుడు, వెంటనే గట్టి నొప్పి కలుగుతాయి.

నొప్పులన్నీ ఒకటి కావు. కొత్త వ్యాయామం చేసిన మరునాడు తొడల కండరాలు బరువుగా, నొప్పిగా ఉంటాయి. ఇది సాధారణంగా రెండు కాళ్ళలోను ఉంటుంది. కాస్త నడిస్తే తేలిక అవుతుంది. కొద్ది రోజులలో పోతుంది. దీనికి భయపడనక్కరలేదు. కాని నొప్పి ఒకే పక్క, ఒకే చోట, గజ్జ లోతులో ఉన్నా, తన్నిన ప్రతిసారీ పొడిచినట్లున్నా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా అది కీలు నొప్పి కావచ్చు. ఆ సంగతి పెద్దలకు చెప్పాలి. కీలులో నొప్పి లేకుండా చప్పుడు మాత్రమే వస్తే సాధారణంగా ప్రమాదం లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. సుమారు 9 నుండి 16 ఏళ్ళ పిల్లలలో కొందరికి తొడ ఎముక బంతి తన పెరుగుదల పొర దగ్గర జారుతుంది. ఇది కరాటే నేర్వని పిల్లలకు కూడా వస్తుంది. విచిత్రం ఏమిటంటే, జబ్బు తుంటిలో ఉన్నా నొప్పి తొడలోనో, మోకాలిలోనో తెలియవచ్చు. పిల్లవాడు మోకాలు పట్టుకుని నొప్పి అంటాడు. ఇంట్లోవారు మోకాలికి మందు రాస్తారు. తుంటిని ఎవరూ చూడరు. ఆలోగా బంతి ఇంకా జారుతుంది. ఆలస్యమైతే కీలు జన్మంతా బాధపెట్టవచ్చు. ముందుగా తెలిస్తే శస్త్రచికిత్స చేసి, మరతో బంతిని నిలబెడతారు. కాబట్టి పిల్లలు కుంటుతున్నా, పాదం బయటికి తిరిగి నడుస్తున్నా, మోకాలి నొప్పి అయినా సరే, తుంటికి కూడా ఎక్స్‌రే తీయవలసి ఉందేమో వైద్యుని అడగాలి. ఆ కాలిమీద బరువు వేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. తుంటి నొప్పితో జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా అంతే. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం ఉచితం. ఖర్చుకు వెనుకాడనక్కరలేదు.

నొప్పి రాకుండా ఏమి చేయాలి? ముందు పది నిమిషాలు వేగంగా నడిచి, తాడాట ఆడి ఒళ్ళు వేడి చేసుకోవాలి. తరువాత కాళ్ళను మెల్లగా ముందుకు, వెనుకకు ఊపాలి. మొదట నడుము ఎత్తులోపే తన్నాలి, పిదప ఎత్తు పెంచాలి. కండరాలు సాగదీసి నిలిపి ఉంచే వ్యాయామాలు తరగతి చివర చేయాలి. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి.

నొప్పి వస్తే ఆపాలి. దెబ్బ తగిలిన చోట మంచును గుడ్డలో చుట్టి పావుగంట పెట్టవచ్చు. గట్టిగా మర్దన చేయకూడదు. నొప్పి మాత్ర మింగి మళ్ళీ తన్నడానికి వెళ్ళకూడదు.

బెల్టు పరీక్ష దగ్గర పడినప్పుడు చాలామంది పిల్లలు నొప్పిని దాస్తారు. గురువుగారికి చెబితే పిరికివారనుకుంటారని వారి భయం. మంచి గురువు అలా అనుకోరు. బెల్టు పరీక్ష మళ్ళీ వస్తుంది. కాబట్టి నొప్పి వచ్చిన రోజే గురువుగారితోను, ఇంట్లో అమ్మానాన్నలతోను చెప్పండి.

ప్రశ్నలు
1. మోకాలి కీలుకు, తుంటి కీలుకు గల భేదం ఏమిటి?
2. ‘మవాషి గెరి’ తన్నేటప్పుడు నేలపై ఉన్న పాదం ఎందుకు తిరగాలి?
3. కండరాల నొప్పిని, కీలు నొప్పిని ఎలా గుర్తిస్తారు?
4. మోకాలి నొప్పి వచ్చినప్పుడు తుంటిని కూడా ఎందుకు చూపించాలి?
5. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెతను సొంత వాక్యాలలో వివరించండి.