నీళ్ల తోవలో డేరా



మా సంఘములోని కొన్ని కుటుంబములు, పట్నములో ఉద్యోగములు చేసుకుంటున్న వారి పిల్లలు కలిసి ఒక రాత్రి ఆరుబయట గడపాలని ఎంతో కాలముగా అనుకుంటున్నాము. దసరా సెలవులలో ఆ అవకాశము దొరికింది. ఆదివారపు ఆరాధన తప్పకూడదు గనుక శుక్రవారము బయలుదేరి, హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరములో, వికారాబాదు దగ్గరనున్న అనంతగిరి కొండలకు చేరాము. డేరాలు వేసుకొనుటకు అనుమతి ఉన్న స్థలములోనే దిగాము.

యౌవనస్థులు కొత్త డేరాలు తెచ్చారు. చెట్ల నీడలో ఒక చదునైన చోటు చూసి మేకులు కొట్టసాగారు. మాతో వచ్చిన ఒక పెద్దాయన, జీవితమంతా పొలములో గడిపిన రైతు, అక్కడి మట్టిని కాలితో రాసి చూశాడు.

"గీడ ఎయ్యకున్రి బిడ్డా. ఇసుక పేరుకున్నది చూడున్రి. ఇది నీళ్ల తోవ" అన్నాడు.

"ఊకో నాయనా, ఇప్పుడు వానేడిది?" అని ఆయన కుమారుడు నలుగురి ముందు కసురుకున్నాడు. ఆయన మరి మాట్లాడలేదు. ఒక దుప్పటి తీసుకొని పైనున్న గట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. పెద్దవారమై ఉండి మేము కూడా ఆయన పక్షమున ఒక్క మాట అనలేదు. ఆ తప్పు మాది.

రాత్రి భోజనములు, పాటలు, ప్రార్థన ముగించి పడుకున్నాము. ఒంటి గంట దాటిన తరువాత ఉరుములతో వాన అందుకుంది. కొద్దిసేపటికే డేరాల అడుగున నీళ్లు పారసాగాయి. చీకటిలో ఎవరి పిల్లలు ఎక్కడున్నారో తెలియలేదు. అప్పుడు గట్టు మీద నుండి లైటు వేసుకొని దిగివచ్చినది ఆ పెద్దాయనే. మొదట తన మనుమరాలిని, తరువాత మిగిలిన పిల్లలను ఒక్కొక్కరిగా ఎత్తి పైకి చేర్చాడు. దేవుని కృపను బట్టి ఎవరికీ హాని కలుగలేదు.

తెల్లవారిన తరువాత చూస్తే, మేము డేరాలు వేసిన చోట ఒక చిన్న వాగు పారుతున్నది. కుమారుడు తండ్రి ప్రక్కన కూర్చొని, "నాయనా, నీ మాట వినకపోతిని" అన్నాడు. ఆయన, "చాయ తాగు బిడ్డా, సల్లగైతది" అన్నాడు. అంతకంటె పెద్ద ప్రసంగము మేము చేయలేము.

మూసీ నది పుట్టినది ఈ కొండలలోనే. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి హైదరాబాదులో వేలాదిమందిని బలిగొన్నది. ఆ తరువాతనే వరదను ఆపుటకు మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. నీరు కొంతకాలము ఎండిపోవచ్చును గాని తన దారిని మరువదు.

మీరును పిల్లలతో ఇలా వెళ్లదలచితే కొన్ని సంగతులు గుర్తుంచుకొనండి. అనుమతి లేనిదే అడవిలో డేరా వేయకండి. పల్లములో, వాగు జాడలో, ఎండుకొమ్మల క్రింద వేయకండి. తినుబండారములు మూతలు బిగించి ఉంచండి. ఉదయమున చెప్పులను దులిపి తొడుగుకొనండి. ఎవరినైనా పాము కరిస్తే కోయుట, గట్టిగా కట్టుట చేయక, ఆ అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చండి. వెలిగించిన నిప్పును నీళ్లు పోసి పూర్తిగా ఆర్పండి.

వీటన్నిటికంటె ముందు, మీ వెంట పొలము ఎరిగిన ఒక పెద్దను తీసుకొని వెళ్లండి. తీసుకొని వెళ్లుట మాత్రమే చాలదు. ఆయన మాట వినండి.