పిల్లలకు ఊరే కావలి

బడి మానేసిన పిల్లను చూస్తే మనకు మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. తండ్రి తాగుతాడు, తల్లికి చదువు లేదు, ఇంట్లో గతి లేదు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991లో మొదలైన ఒక ప్రయత్నం ఈ మూడింటినీ పక్కన పెట్టి, ‘ఊరేం చేస్తోంది?’ అని అడిగింది.

చేలో చిన్న వేళ్లు

బడి మానేసిన పిల్ల చేరే చోట్లలో విత్తన పత్తి చేను ఒకటి. అక్కడ పిల్లల్నే ఎందుకు పెట్టుకుంటారో పని చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం మొగ్గ విప్పి, పుప్పొడి తిత్తులు గిల్లేసి, గుర్తుగా ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు చెట్టుకూ, పూట పూటకూ ఇదే పని. ఆడపిల్లలైతే కూలి తక్కువ, ఎదురు చెప్పరు. అందుకే సీజన్‌కు ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడుతుంది. అది తీరేదాకా పిల్ల చేలోనే ఉండాలి. బడి నడిచేదీ ఆ నెలల్లోనే. ఒక్క సీజన్ పోతే పాఠం అందదు. పాఠం అందని పిల్ల మళ్లీ చేనే వెతుక్కుంటుంది. ఆ వెనకే పెళ్లి మాట వస్తుంది.

రాత్రి బడి వద్దు

చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఎం.వి. ఫౌండేషన్ పరిశోధన సంస్థగా పుట్టింది. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యురాలిగా పనిచేశారు. ఆమె చొరవతోనే ఆ సంస్థ 1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో ఉన్న పిల్లల వైపు మళ్లింది. పగలు పని, రాత్రి చదువు అన్న పద్ధతే అప్పట్లో పేద పిల్లలకు చాలనుకునేవారు. ఫౌండేషన్ దానికి ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలేనంది. చెల్లెల్ని ఎత్తుకుని ఇంటిపట్టున ఉండే పిల్లా, మేకలు కాసే పిల్లవాడూ అలా లెక్కలోకి వచ్చారు.

తల్లిదండ్రులకు డబ్బు ఆశ చూపలేదు. ఊరి కుర్రాళ్లే ఇల్లిల్లూ తిరిగారు. ‘మా ఇంట్ల బాధ నీకేం తెలుసు తమ్మీ?’ అని తల్లి అంటుంది. ‘పక్కింటోళ్లకు లేదా అక్కా బాధ? వాళ్ల బిడ్డ బడికి పోతలేదా?’ అన్నది ఎదురు ప్రశ్న. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకే బ్రిడ్జి శిబిరాలు పెట్టారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి చదువు చెప్పి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించారు.

పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములతో పంచాయతీలో కూర్చుని మాట్లాడారు. విడిచిపెట్టిన వారికి ఊరందరి ముందు సన్మానం చేశారు. ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. బడికి రాని పిల్లల పేర్లు పంతుళ్ల నుంచి ఊరి కమిటీకి చేరాయి. అలా బాల్యవివాహం కబురు కూడా ముహూర్తం కుదరకముందే తెలిసేది.

చట్టం దాకా

1999 నాటికి ఈ పని 500 ఊళ్లకు పాకింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. పల్లె శిబిరాల్లో జరిగిందీ అదే.

2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కానీ బడి వేళలయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్ల పనుల్లో సాయం చేయవచ్చంటూ ఒక సందు వదిలింది. ఆ సాయం ఎప్పుడు కూలిగా మారిందో ఆఫీసులో కూర్చున్న అధికారికి కనబడదు. పక్కింటివాళ్లకు కనబడుతుంది.

పిల్ల చేజారాక కేసులు, హోములు, కౌన్సెలింగులు ఎన్ని పెట్టినా పోయిన ఏళ్లు తిరిగిరావు. బడికి రాని మొదటి వారంలోనే ఎవరో ఒకరు గుమ్మంలోకి వెళ్లి అడిగితే ఆ ఖర్చూ లేదు, ఆ శోకమూ లేదు. జూన్‌లో బడులు తెరిచాక మీ వీధిలో బ్యాగు తగిలించుకోని పిల్ల కనబడితే కారణం అడగండి, పంతులుగారికి చెప్పండి. మాట సాగకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.