విషయసూచిక కొఱకు ఐదు దినములు

క్రొత్త పుస్తకము చేతికి రాగానే మనలో పెక్కుమంది మొట్టమొదట త్రిప్పి చూచునది విషయసూచిక. ఏ పాఠము ఏ పుటలో నున్నదో చూచుకొన్న పిమ్మట మరల ఆ పుటవంక కన్నెత్తియైనను చూడము. అట్టి విషయసూచికను వ్రాయుటకే ప్రపంచము నలుమూలలనుండి సుమారు 200 మంది నిపుణులు ఒకచోట చేరి ఐదు దినములు చర్చించిరనినచో ఆశ్చర్యము కలుగకమానదు. 2017 వ సంవత్సరము మే నెలలో ఇథియోపియా రాజధానియైన ఆడిస్ అబాబా నగరమున ఇట్టి సమావేశము జరిగినది. వారు తలపెట్టిన మూడు సంపుటములలో అప్పటికి ఒక్క వాక్యమైనను వ్రాయబడలేదు.

ఆ సంపుటములు దేనిని గూర్చినవో ముందుగా తెలిసికొనవలెను. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇదియు, ఇటువంటి మరికొన్ని వాయువులును భూమినుండి వెడలిపోవు వేడిమిని ఆకాశమునకు పోనీయక పట్టియుంచును. వీనిని హరితగృహ వాయువులందురు. ఇవి పెరుగుటచే భూగోళము వేడెక్కి, శీతోష్ణస్థితి మారుచున్నది. ఈ విషయమై ప్రభుత్వములకు నమ్మదగిన సమాచారము నందించుటకు 1988 లో ప్రపంచ వాతావరణ సంస్థయు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమును కలసి ఒక ప్రభుత్వాంతర మండలిని స్థాపించినవి. దానినే ఐ.పి.సి.సి. అని పిలుతురు. దానియందు 195 దేశములకు సభ్యత్వము కలదు. ఈ మండలి స్వయముగా ప్రయోగములు చేయదు. లోకమున ప్రచురింపబడిన పరిశోధనలను చదివి, తూచి, వానిలో ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పుటయే దాని పని.

మండలిలో మూడు కార్యవర్గములు కలవు. భూమి ఏల వేడెక్కుచున్నదో మొదటిది విచారించును. దానివలన కలుగు కష్టనష్టములను, వానిని తట్టుకొను విధమును రెండవది పరిశీలించును. ఆ వాయువులను తగ్గించు మార్గములేవి యనునది మూడవదాని పని. దీనికి ఉపశమనము అని పేరు. రోగి విషయమున వైద్యుడు ఉపశమనమను మాటను వాడునట్లే యిక్కడను వాడుదురు.

ఈ మూడవ సంపుటమునకు ప్రణాళిక వేయుట మిక్కిలి చిక్కైన పని యని నా యభిప్రాయము. సముద్రమట్టము ఎంత పెరుగునని అడిగినచో కొలిచి చెప్పవచ్చును. ఎవరు ఎంత తగ్గించుకొనవలెనని యడిగినంతనే అది పొలములను, కర్మాగారములను, కూలివాని బ్రదుకును తాకును. 2014 ఏప్రిలులో బెర్లిను నగరమున ఐదవ నివేదిక తాలూకు ఉపశమన సంపుటము ఆమోదమునకు వచ్చినపుడు ఇట్టి చిక్కే యెదురైనది. దేశములను ఆదాయమునుబట్టి తరగతులుగా విభజించి, ఏ తరగతి ఎంత వాయువును వెడలించినదో చూపు పటములను కొన్ని ప్రభుత్వములు అంగీకరింపలేదు. సంగ్రహములోని ప్రతి వాక్యమును అన్ని దేశముల ప్రతినిధులును ఒప్పుకొనవలెననునది నియమము. కావున ఆ పటములు సంగ్రహమునుండి తొలగిపోయినవి. మూలగ్రంథమున మాత్రము అవి నిలిచియున్నవి. శాస్త్రజ్ఞులలో కొందరికి ఇది మిక్కిలి మనస్తాపము కలిగించినది.

విధానమునకు పనికివచ్చు సంగతిని చెప్పవలెనే గాని, ఫలానా విధమునే నడువుడని శాసింపరాదు. ఇది మండలి పాటించు కట్టుబాటు. అందుచేత విషయసూచికలోని ప్రతి శీర్షికయు ఆచితూచి వ్రాయవలసియుండును. ఒక ప్రశ్న సూచికలో చేరనిచో, ఆ తరువాత ఎంతమంది పండితులు శ్రమించినను దానికి సమాధానము దొరకుట కష్టము.

ఆరవ నివేదికకు సిద్ధమైన సూచికలో ఐదవ అధ్యాయము దీనికి మంచి నిదర్శనము. అంతకు పూర్వపు నివేదికలలో విద్యుత్తు, రవాణా, పరిశ్రమలు, గృహములు అను విభాగములుండెడివి. మనుష్యునకు నిజముగా ఏమి కావలెనను ప్రశ్నకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము లేదు. రాత్రి చదువుకొను విద్యార్థికి కావలసినది వెలుగు గాని విద్యుత్తు కాదు. బస్సెక్కినవానికి కావలసినది ఊరు చేరుట గాని డీజిలు కాదు. అదే వెలుగును, అదే ప్రయాణమును తక్కువ ఇంధనముతో పొందవచ్చునా? ఈ ప్రశ్న తొలిసారిగా ఒక పూర్తి అధ్యాయమైనది. దానిని నడపిన ముఖ్యులలో ఒకరు వంగదేశపు ఆర్థికశాస్త్రవేత్త జయశ్రీ రాయ్; మరియొకరు జర్మనీకి చెందిన ఫెలిక్స్ క్రూట్సిగ్.

ఆడిస్ అబాబాలో రూపొందిన సూచిక 2017 సెప్టెంబరులో కెనడాలోని మాంట్రియలు నగరమున ప్రభుత్వముల యెదుటికి వచ్చి ఆమోదము పొందినది. ఉపశమన సంపుటమునకు 17 అధ్యాయములు నిర్ణయమైనవి. పిమ్మట రచయితల యెన్నిక జరిగినది. 65 దేశములకు చెందిన 278 మంది ఎన్నికైరి. ఈ రచనకు మండలి వారికి జీతమీయదు. తమ తమ కొలువులు చేసికొనుచునే దీనికి వేళ చేసికొనవలెను. కార్యవర్గమునకు అప్పటి అధ్యక్షులిద్దరు: బ్రిటనుకు చెందిన జిమ్ స్కీ, మన దేశమునకు చెందిన ప్రియదర్శి శుక్ల. రచయితల మొదటి సమావేశము 2019 ఏప్రిలులో ఎడింబరోలో జరుగగా, రెండవది ఆ యేడే అక్టోబరు తొలిదినములలో ముగియునట్లు కొత్తఢిల్లీలో జరిగినది. మూడవదానికి కోవిడ్ అడ్డుపడినది. అటుపై ఎవరి యింట వారు కంప్యూటరు తెర యెదుట కూర్చుండియే పని సాగింపవలసి వచ్చినది. ఒకరికి పగలైనప్పుడు మరియొకరికి అర్ధరాత్రి!

వ్రాసిన చిత్తుప్రతులను ఇతర నిపుణులకును, ప్రభుత్వములకును పంపిరి. వచ్చిన వ్యాఖ్యల సంఖ్య 59,212. ప్రతి వ్యాఖ్యకును సమాధానము వ్రాయవలసినదే. ఉపాధ్యాయుడు మన కాపీపుస్తకమున ఎఱ్ఱసిరాతో పెట్టిన నాలుగు గుర్తులకే మనము ముఖము చిన్నబుచ్చుకొందుము గదా!

2022 ఏప్రిలు 4 వ తేదీన సంపుటము వెలువడినది. ఐదవ అధ్యాయపు ప్రశ్నకు అందు సమాధానము దొరికినది. 2020 వరకు ప్రభుత్వములు ప్రకటించిన విధానములే కొనసాగినచో 2050 లో ఎంత వాయువు వెలువడునో లెక్కించి, రవాణా, గృహములు, ఆహారము మొదలైన వినియోగరంగములలో దానిని 40 నుండి 70 శాతము వరకు తగ్గింపవచ్చునని తేల్చిరి. అందరి యక్కఱ ఒకే తీరున లేదనియు సంపుటము చెప్పుచున్నది. ప్రపంచములోని కుటుంబముల వినియోగమువలన వెలువడు వాయువులలో 34 నుండి 45 శాతము వరకు, తలసరి వెలువరింపున పైనున్న పదవ వంతు కుటుంబములదే. అడుగున నున్న సగము కుటుంబముల భాగము 13 నుండి 15 శాతము మాత్రమే. వెలుగే చాలని యింటివారికి ఇంకను శక్తి కావలెను, తగ్గించుకొనవలసినవారు వేఱు.

ఏడవ నివేదికకు పని ఇప్పటికే మొదలైనది. 2024 డిసెంబరులో కౌలాలంపూరునందు నిపుణులు కూడి క్రొత్త సూచికలను వ్రాసిరి. 2025 ఫిబ్రవరి చివర చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున ప్రభుత్వములు వానిని చర్చకు తీసికొనినవి. ఐదు దినములకని తలపెట్టిన ఆ సభ చాలక మార్చి 1 వ తేదీవరకు సాగినది. మూడు సంపుటముల సూచికలును ఆమోదము పొందినవి. అవి ఏ యేటికి పూర్తి కావలెనను విషయమున మాత్రము అచ్చట ఏకాభిప్రాయము కుదరలేదు.