షెడ్డు నీళ్ళు ఎక్కడికి పోతాయి?

విజయవాడ ఆటోనగర్ పేరు చాలామంది వినే ఉంటారు. లారీలకు బాడీలు కడతారక్కడ. సొట్టలు తీస్తారు, రంగులు వేస్తారు. అలాంటి షెడ్లు ఇప్పుడు చిన్న ఊళ్ళ రోడ్ల పక్కన కూడా ఉన్నాయి.

సొట్ట తీసిన చోట పుట్టీ పెడతారు. ఆరాక తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దుతారు. అప్పుడు రంగు నీళ్ళు కారతాయి. అందులో పుట్టీ పొడి, పాత రంగు ఉంటాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు. సీసం పిల్లల మెదడుకు చేటు. బండి కడిగిన నీళ్ళలోనేమో ఆయిలు, గ్రీజు.

ఇవన్నీ ముందు కాలవలోకి పోతాయి. కాలవ నుంచి చెరువులోకి. కొంత నేలలోకి ఇంకుతుంది. పక్కనే బోరు ఉంటే? ఆ నీళ్ళు బిందెలతో మోసేది ఆడవాళ్ళే. వాసన తేడాగా ఉందని ముందు పసిగట్టేదీ వాళ్ళే. కాచి తాగితే సరిపోదా అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి. సీసం పోదు.

కింద ఆయిలు ఒలికితే నీళ్ళు కొట్టకూడదు. రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, మూత డబ్బాలో వేయాలి. రుద్దిన నీళ్ళు బకెట్టులో పట్టాలి. రాత్రికి మడ్డి చాలావరకు అడుగుకు దిగుతుంది. మిగిలిన థిన్నరు కూడా కాలవలో పోయరాదు. అది ఇట్టే అంటుకుంటుంది.

బండ్లు కడిగే చోట మూడు అరల సిమెంటు తొట్టి ఉండాలి. మొదటి అరలో మట్టి దిగుతుంది. రెండో అరలో ఆయిలు పైకి తేలుతుంది, పులుసు మీద నూనె తేలినట్టు. అక్కడ గొట్టం మూతి అడుగున ఉండాలి. అప్పుడు కింది నీళ్ళే మూడో అరలోకి పోతాయి. ఆయిలు వెనకే ఆగిపోతుంది.

సబ్బుతో ఒక చిక్కుంది. సబ్బు కలిస్తే ఆయిలు సరిగా తేలదు, నీళ్ళలో కలిసిపోతుంది. జిడ్డు గిన్నెలు తోమే చేతులకు ఈ సంగతి తెలిసిందే. అందుకే సబ్బు తక్కువ వాడాలి. తొట్టి కట్టించడం తేలికే. తేలిన ఆయిలు ఎప్పటికప్పుడు తీయడం దగ్గరే బద్ధకం.

లీటరు నీటిలో ఆయిలు, గ్రీజు 10 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు చెరువులో, వాగులో వదలరాదని సర్కారు నిబంధన. వాడేసిన ఆయిలు, రంగు మడ్డి ప్రమాదకరమైన వ్యర్థాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. అనుమతి ఉన్నవారికే వాటిని ఇవ్వాలి. షెడ్డువాళ్ళు వినకపోతే మహిళా సంఘం వాళ్ళు పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ రాయొచ్చు. ఏ రోజు, ఏ కాలవ, నీళ్ళ రంగేమిటి అన్నది అందులో రాయాలి.

ఇంట్లో షెడ్డు పనికి వెళ్ళేవాళ్ళుంటే వాళ్ళ బట్టలు విడిగా ఉతకాలి. పిల్లల బట్టలతో కలపరాదు.